గుర్తులు లేని పేరు

"కిటికీ" పెట్టె తెరిచి, పాత పేరు చెరిపి, ఇంగ్లీషు పేరు కొట్టింది లువా. తర్వాత "వాలు కప్పు". తర్వాత "మెట్ల మలుపు". జారిన కళ్లద్దాలను వేలి కణుపుతో పైకి తోసుకుంది.

సైగాన్‌లో భవనాల నక్షాలు తయారుచేసే ఆ ఆఫీసులో ఎవరూ చేత్తో గీతలు గీయరు. తెర మీద చిన్న చిన్న పెట్టెలు పరిచి, తీగలతో కలుపుతారు. ఒక పెట్టె గోడ లేపుతుంది, ఇంకొకటి దానికి కన్నం పెడుతుంది. ఒకరు చేసిన పెట్టె పదిమందికి పనికిరావాలంటే దానికో పేరు కావాలి, ఉండేందుకో అర కావాలి. ఇన్నాళ్లూ ఆ పని లువాది. "కొత్తది", "అసలైనది" అని పేర్లు పెట్టి పంపితే మొహమాటం లేకుండా తిప్పి పంపేది. రేపటి నుంచి యంత్రమే పేర్లు పెట్టుకుంటుంది, అరలూ సర్దుకుంటుంది. దానికి అర్థమయ్యేలా పాత పేర్లన్నీ ఇవాళే ఇంగ్లీషులోకి మార్చాలి. ఇవాళ్టితో ఆమెకు ఆ ఆఫీసులో పని లేదు.

ఆమె ఒక్క పేరునే తప్పుగా ఉండనిచ్చింది. వాళ్ల భాషలో అక్షరాల మీద పెట్టే గుర్తులను బట్టే అర్థం మారుతుంది; తలుపు అన్న మాట మీది గుర్తులు తీసేస్తే "కువా" మిగులుతుంది. అంటే పీత. పాత సాఫ్ట్‌వేరు గుర్తులను మింగేసేది. అలా చెడిన మిగతా పేర్లన్నిటికీ పక్కన మరో మాట చేర్చి సరిదిద్దిన లువా, దీని జోలికి పోలేదు. పైగా ఎర్ర పీత బొమ్మ గీసి అతికించింది. ఆమె వేసిన ఒకే ఒక్క జోకు అదేనని ఆఫీసంతా నవ్వుకుంది.

కువా ఆమె కొడుకు. పుట్టగానే మంచి పేరు పెడితే దయ్యాల కన్ను పడుతుందని అత్తగారు వాణ్ణి పీత అని పిలిచింది. అసలు పేరు రాయించకముందే జ్వరంతో పోయాడు. వాడి పేరు రాసి ఉన్న చోటు ఈ అర ఒక్కటే.

మధ్యాహ్నం నూకల అన్నాలు తిని, దీపాలార్పి, అందరూ బల్లల కింద చాపలు పరిచారు. లువా పడుకోలేదు. కునుకు తీసి లేచిన పక్క సీటు పిల్ల ట్రామ్ ఆవలిస్తూ ఆమె తెరలోకి తొంగిచూసింది.

"ఏంటక్కా, పీతనింకా వండలేదా?"

"చింతపండు లేదే," అంది లువా.

సాయంత్రం పై అధికారి ఖాయ్ వచ్చి నిలబడ్డాడు. ఆమె కన్నా చాలా చిన్నవాడు.

"అక్కా, ఆ పీత పేరొక్కటే అడ్డం పడి మొత్తం ఆగిపోయింది. చెయ్యి నొప్పిగా ఉంటే చెప్పండి, నేను కొట్టేస్తా."

"వద్దు తమ్ముడూ. వాడి..." ఆగింది. "దాని సంగతి నేను చూస్తాలే."

చివరి నుంచి ఒక్కో అక్షరమే చెరిపింది. డోర్ అని కొట్టింది. అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో మళ్లీ ఒకసారి చూసుకుంది.

చాప చుట్టి చంకన పెట్టుకుంది. వానకోటు తొడుక్కుంది. "వెళ్లొస్తా" అంటే ఫోనులో ఉన్న ట్రామ్ చెయ్యి ఊపింది.

బొమ్మలు మార్చమని ఎవరూ చెప్పలేదు. ఖాళీ కుర్చీ ముందు ఇంకా ఆరిపోని తెర మీద, డోర్ అన్న పేరు పక్కన, ఎర్ర పీత ఒక డెక్క పైకెత్తి నిలబడి ఉంది.