చుట్టూ అద్దాలున్న ఓడ

ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి చేతిలోంచి తాళాలు ఒక్క పూటలో పోయాయి.

రెండు నెలల్లో రెండుసార్లు ఆయన బస్సు ఎడమ అద్దం స్తంభానికి తగిలి పగిలింది. స్తంభాలే రోడ్డు మీదికి జరిగాయని ఆయన వాదన. డిపో వాళ్ళు కంటి పరీక్షకు పంపారు. కూతురు తోడు వెళ్ళింది. తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. పక్కనున్న తెర మీద చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోతున్నాయి. నాన్న బొటనవేలు మాత్రం కదలడం లేదు. అది చూస్తూ కూతురు తన పిడికిలి బిగించుకుంది, తానే నొక్కేస్తే బాగుండునన్నట్టు.

"చూపు అంచుల నుంచి మూసుకొస్తోందండీ," అంది డాక్టరు. "మధ్యలో మిగిలింది కూడా ఉండదు. నాలుగు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు."

"మందు?" అంది కూతురు.

డాక్టరు పెన్నుకు మూత పెట్టింది. "లేదండీ."

ఆ తర్వాత ఆయన ఇంట్లో కూర్చోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. అది చేతకాని మనిషి. గడపలు తన్నుకున్నాడు, బల్ల మూలలకు తొడలు కమిలేలా గుద్దుకున్నాడు. అమ్మ కుట్టుమిషను ముందు వంగి ఉండి, చప్పుడు వినబడగానే కాలు ఆపేది, మళ్ళీ తొక్కేది.

కూతురు ఉత్తరాలు వేరుచేసే ఆఫీసులో పొద్దుటి షిఫ్టు చేస్తుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చాక కంప్యూటరు ముందు కూర్చుని అంతరిక్షపు ఆట ఆడుతుంది. ఒకరోజు ఆయన వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఈ చుక్కలన్నీ ఏంటమ్మడూ?"

"నక్షత్రాలు నాన్నా. దేని దగ్గరికైనా వెళ్ళొచ్చు. ఓడ ఒక్కోదాని దగ్గరికీ గెంతుతూ పోతుంది."

"చివరి స్టాపు ఏది?"

కూతురికి నవ్వొచ్చింది. పటం తిప్పి చూపించింది. అంచున ఒక్కటే నక్షత్రం. దాని తర్వాత ఏమీ లేదు. అక్కడ ఆగి వెనక్కి తిరిగితే పాలపుంత మొత్తం ఒక్కసారే కనిపిస్తుందట.

"మొత్తమా?" అన్నాడాయన. మర్నాడు మధ్యాహ్నం ఆమె చెప్పులు విప్పకముందే కుర్చీ వేసి సిద్ధంగా ఉన్నాడు.

"నేల విడిచి సాము అంటే ఇదే కాబోలు," అంది అమ్మ లోపలి గది నుంచి.

వారంలో ఆయనకు ఓడ నడపడం పట్టుబడింది. చేతులకు ఆ పని తెలుసు. ఇక దూరప్రయాణానికి ఓడ ఎంచుకోవాలి. కూతురు రెండు చూపించింది. ఒకటి చిన్నది, దిట్టమైనది. ఒక్క గెంతుకు అరవై కాంతి సంవత్సరాలు దాటుతుంది. ముందు కిటికీ మాత్రం పలక అంత. నాన్న దానికి మిడత అని పేరు పెట్టాడు. రెండోదానికి ముందూ పక్కలా, కాళ్ళ కింద కూడా అద్దాలే. కానీ గెంతుకు పాతిక మించి పోదు.

"రోజుకు రెండు గంటలు ఆడితే మిడత ఐదు వారాల్లో చేరుస్తుంది. అద్దాలదానికి మూడు నెలలు. మధ్యలో మార్చుకోవడం కుదరదు, అటువైపు షెడ్లు లేవు."

"అద్దాలదే," అన్నాడాయన వెంటనే.

"మిడత మంచిది నాన్నా. వేడికి తట్టుకుంటుంది, ఇంధనం తక్కువ తాగుతుంది..."

ఆమె లెక్క వేరు, డాక్టరు చెప్పిన నెలల లెక్క. అది పైకి చెప్పలేక ఇంజను గురించీ ఇంధనం గురించీ మాట్లాడుతోంది. మూడు రోజులు అదే వాదన. ఆయనది మొండితనం, ఆమెకు అసలు మాట నోటికి రాదు.

నాలుగో రోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఒక కాగితం గొట్టంలా చుట్టి, ఒక కన్ను మూసి, అందులోంచి తెర చూసింది. మిడత కిటికీ కనిపించింది. ఓడ మార్చి మళ్ళీ చూసింది. అంతే కనిపించింది. ఆ పక్క అద్దాలూ, కాళ్ళ కింది గాజూ గొట్టంలోకి రానేలేదు.

"చెప్పెయ్యవే," అంది అమ్మ గుమ్మంలో నిలబడి, మెడలో టేపుతో. "నావల్ల కాదు. నువ్వే చెప్పు."

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఆమె మొదలుపెట్టింది. "నాన్నా, ఆ పక్క అద్దాలు... నీకు..."

"కనిపించవు. నాకు తెలుసమ్మడూ." తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇన్నేళ్ళూ చుట్టూ అద్దాలున్న బండే నడిపాను. ఇప్పుడు కూడా తల తిప్పితే అటు ఏదో ఒకటి ఉందని తెలియాలి. సందులోంచి చూస్తూ పోవడం నాకు ఎటూ తప్పదు. దానికోసం వేరే ఓడెందుకు?"

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. మిషను చప్పుడు మాత్రం చాలాసేపు రాలేదు. అద్దాల ఓడే తీసుకున్నారు.

మొదటి ఆరు వారాలు బాగా గడిచాయి. ప్రతి గెంతూ ఒక నక్షత్రం ముందే తేలుస్తుంది. వెంటనే పక్కకు తిప్పకపోతే ఓడ వేడెక్కుతుంది. ఆయన తిప్పేవాడు. తల అటూ ఇటూ తిప్పి, ఉన్న కాస్త చూపుతో ఆకాశాన్ని ముక్కముక్కలుగా చూసేవాడు. "ఈ ఎర్రటిది ముసలిదై ఉంటుంది, నత్తలా తిరుగుతోంది," అనేవాడు. అన్నం దగ్గర కూడా అవే కబుర్లు.

ఏడో వారంలో ఒకరోజు తిప్పడం ఆలస్యమైంది. ఆ మర్నాడు ఇంకాస్త. ఎనిమిదో వారంలో ఓడ నిప్పుల మీదికే పోతుంటే, హెచ్చరిక మోగుతుంటే, ఆయన చేతులు ఆగిపోయాయి.

"ఎటు ఉందే అది?"

"ఎదురుగా నాన్నా! ఎదురుగానే!" ఆమె ఆయన చేతుల మీదుగా చేతులు వేసి ఓడను పక్కకు లాగింది. ఆయన అడ్డు చెప్పలేదు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని ఆమెకు చోటిచ్చాడు.

పదిరోజులు తిరక్కుండానే కిటికీ ఎటుందో కూడా వెలుతురును బట్టి పోల్చుకోవాల్సి వచ్చింది. డాక్టరు మళ్ళీ చూసింది, మళ్ళీ పెన్నుకు మూత పెట్టింది.

"నేను నడుపుతాను నాన్నా. నువ్వు పక్కన కూర్చో," అంది కూతురు. ఆయన కూర్చున్నాడు. గెంతుల మోత లెక్కపెట్టేవాడు. మొదట్లో అడిగేవాడు.

"ఇదేం రంగు?"

"నీలం."

"ఎలాంటి నీలం?"

ఆమె వెతికేది. అమ్మ కుట్టే బట్టల్లోని నీలాలన్నీ చెప్పి చూసింది. ఏదీ అది కాదు. కొన్నాళ్ళకు ఆయన రంగులు అడగడం మానేశాడు. మూడో నెల చివరికి పక్కన కూర్చోవడమూ తగ్గింది. ముందుగదిలో కూర్చుని వీధిలో పోయే బస్సుల చప్పుడు వింటూ ఉండేవాడు. ఏ బస్సుకు క్లచ్చు అరిగిందో చెప్పగలిగేవాడు. చెప్పించుకునే వాళ్ళు లేరు.

ఆమె ఆపలేదు. ఆపితే ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆఖరి నక్షత్రం చేరింది. ఓడను వెనక్కి తిప్పింది. అన్ని అద్దాలూ నిండిపోయాయి.

"నాన్నా, వచ్చేశాం."

ఆయన గోడ పట్టుకుని వచ్చాడు. ఆమె కుర్చీ వెనక చేయి ఆనించి నిలబడ్డాడు. ముఖం తెరకు కాస్త పక్కగా, బీరువా వైపు ఉంది. ఆమె సరిచేయలేదు.

"మొత్తం కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"మిడత అయితే నేనూ చూసుండేవాణ్ణి కదూ?"

మిషను ఆగింది. కూతురు తెర వైపే చూస్తూ చెప్పింది. "లేదు నాన్నా. అదీ సరిపోయేది కాదు. లెక్క వేశాను."

ఆయన తలూపాడు. నమ్మాడో, ఆమె కోసం నమ్మినట్టు ఊరుకున్నాడో ఆమెకు తెలియలేదు. ఆయన వేళ్ళు కుర్చీ అంచును తడుముతున్నాయి.

"అయితే చెప్పు," అన్నాడు. "తొందరేం లేదు. ఎడమ నుంచి మొదలుపెట్టు."

"ఎడమ చివర..." అంది. అక్కడ తెల్లగా, పొగలా ఏదో ఉంది. పొగ కాదు. పిండి చల్లినట్టు, అలా కూడా కాదు. ఆయన చెవి ఇటు వంచి ఎదురుచూస్తున్నాడు. "తెల్లగా ఉంది నాన్నా," అంది. "చాలా తెల్లగా ఉంది."