కిటికీ రంగుకు మూడు లూపులు

రంగులాయన కలిపిన ఆకుపచ్చ రంగు వేస్తే, ఆ గోడను మేకలు వరుసకట్టి నాకిపోయేవని బజారులో చెప్పుకుంటారు. ఒక ఆవైతే నాకి వెళ్లి, చెట్టు కింద పడుకుని సాయంత్రం దాకా నెమరేసిందట. మేకల దాకా నమ్మవచ్చు. ఆవు సంగతి కాస్త ఎక్కువే.

రంగుల దుకాణంలో కొలతలు చూసి రంగులు కలపడం ఆయన పని. అలాంటి మనిషి సెలవు పూట కూతురి కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటున్నాడు.

జరిగిందేమిటంటే, గోడలో నీళ్ల గొట్టం పగిలి వంటగది కిటికీ చెక్క కుళ్లిపోయింది. వడ్రంగి దాన్ని పీకి పట్టుకుపోయి కొత్తది బిగించాడు. పాత కిటికీకి రంగు వేసింది ఆయన భార్య. ఆమె ఇప్పుడు లేదు. కొత్త చెక్క మీదకు ఆ రంగే రావాలి. వేరే రంగు పూస్తే వంటగదిలోంచి ఆమెను రెండోసారి సాగనంపినట్టే ఉంటుందని ఆయన దిగులు.

ఆ రంగు ఆమె కొన్నది కాదు. దుకాణంలో మిగిలిపోయిన పచ్చిక రంగు, ఆకాశం రంగు, గోధుమ రంగు డబ్బాలను మొగుడి చేత మోయించి, తలుపుకిన్ని గరిటెలు, కిటికీకిన్ని, అలమరకిన్ని అని తనే కలిపింది. ఆ గరిటెల లెక్క ఈయనకు గుర్తే. కానీ ఆ డబ్బాలు ఇప్పుడు తయారు కావడం లేదు. వాటిలో ఏ మూల రంగు ఎంత పడేదో మాత్రం కంఠతా వచ్చు. అందుకని అన్నిటినీ మూల రంగుల్లోకి విడగొట్టాలి.

కూతురు కొత్తవాళ్లకు ప్రోగ్రాములు రాయడం నేర్పే పంతులమ్మ. ఆ లెక్కకు ప్రోగ్రాం ఆయన్నే రాయమంది.

“నువ్వే చేసిపెట్టొచ్చు కదే తల్లీ!”

“చేసిపెడతా. రేపొక గరిటె మీద అనుమానమొచ్చి మళ్లీ చెయ్యమంటావు. ఎల్లుండి ఇంకో గరిటె. నేర్చేసుకో నాన్నా, నా ప్రాణానికి సుఖం.”

“అచ్చం మీ అమ్మ నోరే.”

“ఓపికా అమ్మదే. కూర్చో.”

ఒక పట్టికలో ఏ వస్తువుకు ఏ డబ్బా నుంచి ఎన్ని గరిటెలో రాయించింది. రెండో పట్టికలో ఒక్కో డబ్బా గరిటెలో పసుపెంత, నీలమెంత, నలుపెంత, తెలుపెంత.

“కిటికీ అడ్డవరుస తీసుకో. పసుపు నిలువు వరుసతో ఒక్కోటీ గుణించి కూడు. కిటికీకి కావలసిన పసుపు వస్తుంది. మాట్రిక్సుల గుణకారం అంటే అదే.”

“ఇంతేనా! దీనికంత పేరుపెట్టి జనాన్ని జడిపించడం ఎందుకే?”

“ఇంతే. మూడు లూపులు, అంటే చేసిన లెక్కనే మళ్లీ మళ్లీ చేస్తూ తిరిగే చుట్లు. పైది వస్తువుల వెంట తిరుగుతుంది, దాని లోపలిది మూల రంగుల వెంట, అందులోది డబ్బాల వెంట.”

“ఒకదాని కడుపులో ఒకటి. బాగానే ఉంది వరస.”

తంటాలుపడి రాశాడు. నడిపించాడు. తలుపు వరుసలో మొదటి అంకె ముచ్చటగా వచ్చింది. అక్కడి నుంచి అంకెలు ఉబ్బుకుంటూ పోయాయి.

కూతురు తొంగిచూసింది. “ఈ రంగు అలమరకా నాన్నా, ఓడకా?”

“నా లెక్క సరిగ్గానే ఉందే!”

“కూడుతున్న మొత్తాన్ని సున్నా చేసిందెక్కడ?”

“ఇదిగో, అన్నిటికన్నా పైన.”

“ఒక్కసారేనా? ఒక అంకె తేలాక పాతది పారబోయకుండా దాని మీదే కూడుకుంటూ పోతోంది. దుకాణంలో డబ్బా కడక్కుండానే ఇంకొకరి రంగు కలుపుతున్నావా ఏంటి?”

రంగులాయన చెవులు ఎర్రబడ్డాయి. సున్నా లైనును రెండో లూపు లోపలికి దించాడు. అంకెలు బుద్ధిగా కుదురుకున్నాయి.

మర్నాడు ఆ ప్రకారమే కిటికీ రంగు కలిపి ఇంటికి తెచ్చాడు. వడ్రంగి పట్టుకుపోకముందే పాత కిటికీ బందు కింద ఎండ సోకని గోరంత పెచ్చు ఒకటి ఆయన ఒలిచి దాచుకున్నాడు. దుకాణంలో రంగులు చదివే యంత్రానికి అది ఆనలేదు గానీ, ఆయన కంటికి చాలు. పక్కన పెట్టి చూసి ఉసూరుమన్నాడు. ఇది కడిగిన ముత్యంలా ఉంది. ఆమెది ఇలా ఉండేది కాదు, కాస్త మసక ఉండేది, కునుకు తీసి లేచిన కళ్లలా.

“ప్రోగ్రాం సరైందే నాన్నా,” అంది కూతురు. “నువ్వేదో మరిచిపోయావు.”

ఆయన చాలాసేపు పెచ్చు వంక చూసి, ఉన్నట్టుండి నవ్వాడు. “మీ అమ్మ డబ్బా కడిగిందెప్పుడే!”

“అంటే?”

“తలుపు అవగానే ఆ డబ్బాలోనే కిటికీ రంగు కలిపింది. కడగవే అంటే, ‘అక్కడ మీకు జీతమిచ్చి కడిగిస్తారు, ఇక్కడ నాకెవరిస్తారు?’ అంది.” నవ్వు సగంలో ఆగింది. “ఆ సున్నా చోట పై వరుసలోని తలుపు రంగు కాస్త ఉంచితే?”

“ఉంచొచ్చు. ఎంత కాస్త?”

డబ్బా అంచుకు ఎంత అంటుకుని ఉండేదో! వంచినప్పుడు ఆఖరి చుక్క దాకా ఆగేదా, మధ్యలో ఎవరితోనైనా మాటల్లో పడేదా? పదోవంతు పెట్టాడు, తగ్గించాడు, పెంచాడు. ఏది పెట్టినా కంప్యూటర్ సరేనంది. ఆయన మనసే సరే అనలేదు.

ఆదివారం పొద్దున్నే తలుపు రంగు కలిపి తలుపుకు పూయడం మొదలుపెట్టాడు.

“తలుపు బాగానే ఉందిగా నాన్నా?”

“తలుపుకు పూయకుండా కిటికీ రంగు రాదే.”

డబ్బా ఖాళీ కాగానే, ఆమె వంచినట్టే ఎడమచేత్తో వంచాడు, అంకెల్లో చెప్పలేకపోయినా చేతికి గుర్తున్నట్టు ఆమెలాగే తొందరగా ఎత్తేశాడు. ప్రోగ్రాం చెప్పిన కిటికీ కొలతలు అందులోనే పోసి కలిపి పూశాడు. ఇద్దరూ వంటగదిలో నేల మీద కూర్చుని తడి ఆరేదాకా చూశారు.

“అమ్మదేనా?” అంది కూతురు.

“దగ్గరికొచ్చింది.”

“ఎంత దగ్గరికి?”

“పక్క గదిలో ఉన్నంత.”

కూతురు ముక్కు తుడుచుకుని లేచి, డబ్బా తీసుకుని కొళాయి వైపు నడిచింది.

“కడక్కే,” అన్నాడు ఆయన. “అలమర ఇంకా మిగిలుంది.”