నాలుగో కాలు కింద

గార్లదిన్నె దాటినాక వేరుశెనగ బుడ్డల పొట్టు కాల్చి కరెంటు తీసే ఫ్యాక్టరీ ఒకటుండాది. ఆ పొద్దు దాంట్లో టర్బైను చలిజ్వరమొచ్చినట్ల వణుకుతాండాది. దాన్ని విప్పి బిగించింది కాంట్రాక్టు ఫిట్టరు హేమావతి. మూడు దినాల పని ఒక్క దినంలో చేయమన్నది మేనేజరు రాజేంద్ర. తప్పు మాత్రం హేమావతిదంట!

"మధ్యాహ్నానికి వణుకు తగ్గల్ల. లేకుంటే గేటు పాసు ఈడ పెట్టి పో," అన్నాడాయన. మీటరులో వణుకు పదకొండు దాటితే మిషను తనంతట తానే ఆగిపోతాది. పొద్దున్నుంచి మూడుసార్లు ఆగింది. "ఆ పదకొండును పదహైదు చేస్తే పోలా?" అన్నాడు మళ్లీ.

"జరం ఎక్కువుందని థర్మామీటరు గీతలు చెరిపేస్తారా సార్?"

మీటరులో ఇప్పుడు తొమ్మిది. టర్బైను ఇరుసుతో తిప్పే జనరేటరుకు నాలుగు కాళ్లు. ఒక కాలు సరిగా ఆనకుంటే కుంటి మంచం మాదిరి ఒళ్లంతా మెలిపడతాది. మిషను తిరుగుతాండంగానే ఒక్కో కాలి బోల్టు రవ్వంత వదులు చేస్తే, వణుకు తగ్గినదాన్ని బట్టి ఏ కాలో తెలుస్తాది. తెలుస్తాది సరే, నాలుగో కాలు ఇరుసు పక్కనే ఉండాది. ఇరుసు మీద మూత లేదు. ఏడు నెల్ల కిందట బయ్యన్న మూడు వేళ్లు ఆడనే పోయినాయి. మూత పెట్టండని అప్పట్నుంచి పనోళ్లు రాజేంద్రను అడుగుతానే ఉన్నారు.

హేమావతి చున్నీ తీసి పారేసింది. జడను చొక్కాలోకి దోపింది.

మొదటి కాలు, తొమ్మిది. మళ్లీ బిగించింది. రెండోది, తొమ్మిదే. మూడోది, తొమ్మిదిన్నర. నాలుగోదానికి వంగింది. మొగానికి జానెడు దూరంలో ఇరుసు గిర్రున తిరుగుతాండాది.

"భయపడొద్దు తల్లీ, యంత్రం ఉండాది," అన్నాడు వెనక మీటరు పట్టుకున్న ముసలి హెల్పరు ఆదెన్న.

"దాన్ని చూసే గదన్నా భయం! అంకె చెప్పు."

వెంట్రుకంత తిప్పింది.

"ఆరు... నాలుగు... మూడమ్మా! పడిపోయింది!"

మిషను ఆపించి, నాలుగో కాలును జాకీతో లేపింది. కింద రాగిరేకు. గళ్లు గీసి, బీజాక్షరాలు రాసి, పసుపు పూసిన రేకు. ఆదెన్న చెప్పిన యంత్రం ఏదో అప్పుడు తెలిసిందామెకు.

"మిషనుకు కాదమ్మా, మనకు," ఆదెన్న గొణిగినాడు. "బయ్యన్నకైనట్ల ఇంకొకరికి కాకూడదని... విప్పినప్పుడు పెట్టినా. అట్టముక్కంత మందం, ఏమైతాదిలే అనుకుంటి."

"నాతో ఒక్క మాట అనకూడదా?"

"అంటే తీసేస్తావు గదా!"

రాజేంద్ర ఉరికొచ్చినాడు. రేకు చూస్తానే కండ్లు మెరిసినాయి. "ఎవడు పెట్టినాడు? పేరు చెప్పు. నీ పాసు నీకే. వాని పాసు నేను తీసుకుంటా."

ఆదెన్న తల వంచినాడు. ఒక్క పేరు చెబితే హేమావతి పని నిలబడతాది. ఆమె రేకును జేబులో వేసుకునింది.

"మీరే సార్."

"ఏంది?"

"మూత మీరు పెట్టుంటే ఈ రేకు పెట్టే గతి ఎవరికీ పట్టేది కాదు. పేరు కావల్లంటే మీదే రాసుకోండి." మెడలో పాసు తీసి జనరేటరు మీద పెట్టింది. "తీసుకుంటే తీసుకోండి. మూత వచ్చేదాకా బోల్టు మాత్రం బిగించను."

స్పానరు ఒళ్లో పెట్టుకుని ఇరుసు పక్కనే కూర్చునింది. ఆదెన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. బాయిలరు కాడి ముగ్గురూ పొట్టు ఎత్తే పారలు పడేసి వచ్చినారు.

రాజేంద్ర పాసు వైపు చెయ్యి చాపినాడు. ఐదుగురినీ చూసినాడు. ఆ చెయ్యి వెనక్కొచ్చి జేబులోని ఫోను తీసింది.

"వెల్డరేనా? ఇరుసుకు మూత ఒకటి కావల్ల... రేపు కాదప్పా, ఇప్పుడే!"