మూత పడని టిఫిన్ బాక్సు

కశింకోట నుంచి అనకాపల్లి వెళ్లే షేర్ ఆటోలో త్రినాధరావు ఒకప్పుడు రెండు సీట్ల మనిషి. నూట నలభై ఎనిమిది కిలోల శరీరంతో ఆయన ఎక్కగానే డ్రైవర్ పైడిబాబు మిగతా జనాన్ని కిందే ఆపేసేవాడు. అందరూ నవ్వేవారు. త్రినాధరావూ నవ్వేవాడు గాని, ఆ నవ్వు ఇంటికి చేరేదాకా నిలిచేది కాదు. ఏడేళ్ల కిందట విశాఖపట్నంలో పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని, రెండేళ్లలో తొంభై రెండు కిలోలకు దిగాడు. షుగరు మాత్రలు కూడా ఆపేశారు. ఒక్క సీటులో ఇమిడిన రోజున ఆయనకు ఏనుగెక్కినంత సంబరమైంది.

అలాంటి మనిషిని ఈమధ్య ఒక ఉదయం పైడిబాబు అద్దంలోంచి చూసి, "మామా, కూసింత సర్దుకో. అప్పలకొండమ్మత్త సగం బయటే ఉంది" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. ఇంటికొచ్చి కాటా ఎక్కితే నూట పన్నెండు! పైగా కొన్నాళ్లుగా అరికాళ్లకు తిమ్మిరి. చెప్పు జారిపోయినా తెలియడం లేదు.

"ఆపరేషన్ సేసిన డాక్టరమ్మ కాడికి ఎల్దాం" అంది భార్య లోవలక్ష్మి.

"ఏ మొకం పెట్టుకుని ఎల్తానే? తగ్గినప్పుడు నా ఫొటో గోడకి తగిలించేరు. ఇప్పుడు నన్ను సూత్తే పీకేత్తారు!"

నాలుగేళ్లుగా చెకప్‌కు వెళ్లనిది ఆ సిగ్గుతోనే. విటమిన్ మాత్రలు ఇంకా ముందే మానేశాడు. జబ్బు తగ్గినవాడికి మందెందుకని ఆయన వాదం. చూశారా మన తెలివి! పెళ్లవగానే పందిరి విప్పినట్టు, ఆపరేషన్ అవగానే జాగ్రత్తలన్నీ విప్పేస్తాం.

చివరకు లోవలక్ష్మి లాక్కెళ్లినంత పని చేసింది. డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, వారం రోజులు ఏం తిన్నదీ రాసి తెమ్మంది. త్రినాధరావు శ్రద్ధగా రాశాడు. ఇడ్లీలు రెండు, గుప్పెడు అన్నం, గరిటెడు కూర, పూడిమడక చేప ఒక ముక్క. లోవలక్ష్మి చదివి ముక్కున వేలేసుకుంది.

"మరి బెల్లం?"

"ఏ బెల్లం?"

ఆయన ఉద్యోగం అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో ఒక వ్యాపారి తరఫున సరుకు చూడటం. దిమ్మను గిల్లి నోట్లో వేసుకుని, ఉప్పగా ఉందో మాడిందో చెప్పాలి. ఆపరేషన్ కొత్తలో చిటికెడు మింగినా చెమటలు పట్టి గుండె దడదడలాడేది. అందుకని ఉమ్మేసేవాడు. ఒళ్లు అలవాటు పడ్డాక మింగడం మొదలుపెట్టాడు.

"అది తిండేటే? డ్యూటీ!" అన్నాడు రోషంగా.

మర్నాడు లోవలక్ష్మి ఖాళీ టిఫిన్ బాక్సు చేతికిచ్చింది. "నువ్వు నోట్లో ఏసిన ప్రతిసారీ అంత ముక్కే ఇందులో కూడా ఎయ్యి."

మధ్యాహ్నానికే బాక్సు మూత పడలేదు. నొక్కాడు, కుదిపాడు, చివరికి తువ్వాలుతో కట్టాడు. అలాగే తీసుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పెట్టి దొంగలా నిలబడ్డాడు. చీమలు కూడా చెకప్‌కు వచ్చాయి.

డాక్టరమ్మకు నవ్వాగలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "కొంత బరువు తిరిగి రావడం చాలామందికి జరిగేదే త్రినాధరావు గారూ. ఇప్పటికీ మీరు పాత బరువు కంటే ముప్పై ఆరు కిలోలు తక్కువ. కాని షుగరు మళ్లీ గుమ్మం దాకా వచ్చింది. ఆ తిమ్మిరి మీరు మాత్రలు మానేస్తే వచ్చిన బి12 విటమిన్ లోపం వల్ల; ఆపరేషన్ అయిన పొట్టకు అది తిండి నుంచి సరిగా అందదు. ఇంకా ఆలస్యం చేస్తే కాళ్లకు స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. మేం మీ పొట్టను చిన్నది చేశాం గాని, బెల్లం మార్కెట్‌ను చిన్నది చెయ్యలేదు కదా! మాత్రలు, పరీక్షలు బతికినన్నాళ్లూ ఉండాల్సిందే. బరువు పెరిగితే దాక్కోకండి, అప్పుడే రండి."

త్రినాధరావు కళ్లు తుడుచుకున్నాడు. "మరి నా ఫొటో?"

"గోడమీదే ఉంది. కింద 'ఈయన కనబడుట లేదు' అని రాయిద్దామనుకున్నాను."

ఆరు నెలలైంది. ఇప్పుడాయన రుచి చూసి ఉమ్మేస్తున్నాడు, మాత్రలు మానడం లేదు. ఆరు కిలోలు తగ్గాడు. ఒక కాలికి తిమ్మిరి పోయింది, రెండో కాలికి ఇంకా ఉంది. మొన్న ఆటోలోకి ఒక భారీ మనిషి ఆయాసపడుతూ ఎక్కుతుంటే జనం కిసుక్కుమన్నారు. త్రినాధరావు జరిగి చోటిచ్చి, అందరికీ వినబడేలా అన్నాడు:

"నవ్వకండి, అది జబ్బు. నాకు ఆపరేషను ఒక్కపూటలో అయిపోనాది. ఒళ్లు సూసుకోవడం మాత్రం బతుకంతా ఉంటాది!"