చౌడమ్మ సంగటి కుండ

ఆదివారమొస్తే తిరుపాలమ్మ చీకటితోనే సంగటి చేసిపెట్టి, పుస్తకాల సంచి చంకన తగిలించుకుని, జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు బస్సెక్కేది. మిగతా దినాలు ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. ఆదివారాలు దూరవిద్య క్లాసులు. పోషకాహారం, ఆరోగ్యం మీద డిగ్రీ. "గొర్లు కాసే ఇంటికి డిగ్రీ కోడలా!" అని ఎవరైనా ఎకసెక్కెమాడితే, "మీ పిల్లోళ్లకు రగతం లేదని చెప్పేదానికైనా ఒకరుండాల కదప్పా" అనేది. నోరట్లాంటిది మరి.

అత్త చౌడమ్మ ఇచ్చిన సంగటి కుండకు ఒక గుణముంది. పిండి ఎంత పోసినా, ఆ దినం ఇంట్లో తినేవాళ్లెందరో అన్నే ముద్దలొస్తాయి. చుట్టాలొచ్చేదుంటే పొద్దున్నే ఒకటి ఎక్కువొస్తుంది. మామను పార్టీ కక్షల్లో నరికిన దినం ఒకటి తక్కువొచ్చిందంట. ఊరందరికీ తెలిసిన సంగతే.

అది ఎలక్షన్ల ఏడు. ఆఖరి పరీక్ష పొద్దున కుండలో రెండే ముద్దలు. ఇంట్లో ముగ్గురు. మొగుడు బాలన్న అప్పటికే చొక్కా తొడుక్కుని వాకిట్లో ఉన్నాడు. పార్టీ పెద్దాయన కేసు వాయిదా ఉందని, ఆయన మనుషులతో జీపులో పులివెందుల కోర్టుకు పోవాల.

"పోవద్దు," అంది తిరుపాలమ్మ.

"పెద్దాయన పిలిస్తే పోకుండా ఎట్లమే? నీ పరీక్షకు నువ్వు పో."

"పరీక్ష గంగలో కలవనీ. పోతే నన్ను చంపి పో," అని గడపకడ్డంగా కూర్చుంది.

జీపు హారన్ కొట్టింది. పక్కింటి లక్ష్మయ్య తొంగిచూసి నవ్వినాడు. "నీ బదులు నేను పోతాలే మామా. నువ్వు పెండ్లాం కొంగు పట్టుకోని కూర్చో."

దారిలో బాంబులేసినారు. లక్ష్మయ్యను గోనెసంచిలో తెచ్చినారు.

తన మొగుడు దక్కినాడని తిరుపాలమ్మకు సంతోషమేసింది. ఆ వెంటనే సిగ్గేసింది. రాత్రికి అత్తాకోడళ్లు ఏడుస్తానే తిన్నారు. బాలన్న ముద్ద ముట్టలేదు.

"నా చోట్లో కూర్చున్నాడే వాడు," అన్నాడు.

మరుసటి దినం రెండే ముద్దలు. ఆ మరుసటి దినమూ రెండే. కుండది తినేవాళ్ల లెక్క గానీ బతికేవాళ్ల లెక్క కాదని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది.

చదివిన చదువు ఊరికే ఉండనిస్తుందా? ముందు కాలేయంలో దాచిన చక్కెర, తర్వాత కొవ్వు, ఆ తర్వాత కండ. పుస్తకంలో ఉన్న వరసలోనే మొగుడు కరిగిపోతాంటే చూస్తా కూర్చుంది. జావ కాచింది, కాళ్లు పట్టుకుంది. ఆస్పత్రిలో సెలైన్ పెట్టిస్తే సూది పీకేసుకున్నాడు.

"నువ్వు ఆపకుండా ఉండాల్సిందే," అన్నాడు ఒకసారి, కోపం లేకుండానే. బాలన్న కన్నుమూసిన పొద్దున కూడా కుండలో రెండు ముద్దలే ఉన్నాయి.

మరుసటి ఏడు చౌడమ్మే బస్సు చార్జీ చేతిలో పెట్టి, తప్పిన పరీక్షకు పంపించింది. పేపర్లో మొదటి ప్రశ్న: దీర్ఘకాలం ఆహారం లేనప్పుడు మానవ శరీరంలో కలిగే మార్పులను వివరించండి.

తిరుపాలమ్మ రాసింది. రాస్తానే ఉంది. కాగితాలు మళ్లీ మళ్లీ అడుగుతాంటే, హాల్లో తిరిగే సారు ఆమె దగ్గర ఆగినాడు.

"ఒక్క ప్రశ్నకు ఇంతా? ఏం రాస్తాండావమ్మా?"

"మా ఆయన్ను సార్," అని, కళ్లు తుడుచుకుని ఇంకో కాగితం అడిగింది.