మూడువందల అరవై ఐదో మెట్టు

తిరువళ్ళూరులో మా షెడ్డులో పిన్‌బాల్ మెషీన్లు చేస్తాం. వాటిని నడిపే ప్రోగ్రాం రాసేది నేను, నాగలింగాన్ని. ఈసారి ఆట తిరుత్తణి కొండ మెట్ల మీద. ఇనుప బంతి బోర్డు మీది మెట్టుకు తగలగానే ‘తగిలింది’ అని లోపల ఒక కబురు పోతుంది. లెక్కపెట్టే కోడ్ ఆ కబురు కోసమే చెవి ఒగ్గి కూర్చుని, రాగానే ఒకటి కలుపుకుంటుంది. ఎవరు కొట్టారని అడగదు. కొండకున్న మెట్లన్నీ, మూడువందల అరవై ఐదు, నిండితే బోర్డు పైన దీపం వెలుగుతుంది.

పరీక్షకు ఏదో ఒక అంకెతో మొదలుపెట్టాలి కదా అని 211 కొట్టాను. కొట్టాక గానీ గుర్తు రాలేదు, అది మా మునిలక్ష్మక్క ఆగిపోయిన మెట్టని.

పోయినేడు నేను కామెర్లతో చావు దాకా పోయినప్పుడు, ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగిస్తానని అక్క మొక్కుకుంది. నేను లేచి తిరిగాక కొండకు బయలుదేరింది. సంచి మోస్తూ, దారి పొడుగునా ఎగతాళి చేస్తూ నేనూ వెళ్ళాను.

“నవ్వరా, నవ్వు. కడ మెట్టుకు నువ్వే కర్పూరం పెట్టాల. యాడికి పోతావు?” అంది.

మా ఇంట్లో అదే పద్ధతి. ఎవరి కోసం మొక్కితే చివరి మెట్టు వాళ్ళది. అక్క మోకాళ్ళు సహకరించక 211 దగ్గర దిగిపోయి, మిగతావి వచ్చే నెల అంది. ఆ నెల రాకముందే గుండె ఆగి పోయింది.

సోమవారం పొద్దున బంతి వేయకముందే 212 పడింది. నాతో పనిచేసే శోభన, కబురు పంపే స్విచ్ వైరు పీకేసింది. 213 పడింది.

“అన్నా, వైరే లేదు. కబురు యాడనుంచి వస్తా ఉంది?”

“షెడ్డు పక్కన పోయే రైలు అదురుకు అయ్యుంటుంది, పో,” అని కసురుకున్నాను.

ఏ కబురు ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టే లాగ్ తీసి చూశాను. మెట్టుకూ మెట్టుకూ మధ్య నలభై సెకన్లు. వంగి పసుపు పూసి, బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించడానికి పట్టేంత. పది మెట్లకు ఒకసారి ఎక్కువసేపు ఆగుతోంది. అక్క అలాగే కూలబడేది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, 340 దగ్గర మెషీన్ ఆపేశాను. భయంతో కాదు. నిండితే అక్క వెళ్ళిపోతుంది. రోజూ కాసేపు ఆన్ చేసి, ఒకటి రెండు పడగానే ఆపేసేవాణ్ణి. శుక్రవారం చూస్తే ఒక్కో మెట్టుకు పది నిమిషాలు పడుతోంది. ఆ మోకాళ్ళు నాకు తెలుసు. ఛీ, నేనూ ఒక తమ్ముడినేనా అనిపించింది. ఇక ఆపకుండా వదిలేశాను.

శనివారం పొద్దున్నే వచ్చి చూస్తే 364 దగ్గర ఆగి ఉంది. రెండు గంటలు కూర్చున్నా కదల్లేదు. నాకోసమే ఆగిందని అర్థమైంది.

శోభనను మెషీన్ దగ్గర కూర్చోబెట్టి తిరుత్తణి బస్సెక్కాను. మిట్టమధ్యాహ్నం, మెట్ల మీద ఎవరూ లేరు. చివరి మెట్టుకు ముందు మెట్టు మీద పసుపు ఇంకా తడిగా ఉంది. కర్పూరం మండుతోంది. నా మెట్టుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, నా కర్పూరం దాన్నుంచే అంటించుకున్నాను.

ఫోన్ మోగింది.

“అన్నా, నిండింది. దీపం ఎలిగింది.”

నిండగానే అంకె మళ్ళీ సున్నాకు వచ్చేసింది. శోభన వైరు మళ్ళీ తగిలించబోతే వద్దన్నాను. మూడు రోజులుగా బంతి వేయకుండా దాని ముందే కూర్చుంటున్నాను. ఒక్కటి పడితే చాలు. పడటం లేదక్కా.