చెప్పులు విప్పే గది

కిష్టప్ప కంప్యూటర్ గది గడప ముందు చెప్పులు విప్పి, గోడవారగా జతచేసి పెట్టాడు. కుడి చెప్పు పట్టీ తెగితే పిన్నీసుతో బిగించుకున్నాడు. జిన్నారం రోడ్డు మీది మందుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా జీతాల గుమాస్తా. చెప్పులతో లోపలికొస్తే కంప్యూటర్‌కు వైరస్ పడుతుందని మేనేజర్ బాపిరాజు రూలు పెట్టాడు. రూలు పెట్టిన పెద్దమనిషి మాత్రం బూట్లతోనే తిరిగేవాడు.

అది 2008, జూన్ ఏడు. అరవై మంది జీతాలు బ్యాంకు సైటులోంచి పంపాలి. కిష్టప్ప కంప్యూటర్ మీది గుడ్డ తీసి, మడతపెట్టి, పేజీ తెరిచాడు. పైన షేర్ల ధరలు పరుగెత్తే కొత్త టూల్‌బార్ కనిపించింది. ముందురోజు బాపిరాజే ఎక్కించుకున్నాడు. కింద ఎన్నడూ లేని గడి ఒకటి, డబ్బు పంపేటప్పుడు కొట్టాల్సిన పాస్‌వర్డ్ కూడా లాగిన్ దగ్గరే అడుగుతోంది.

"సార్, గిది ఎన్నడు అడగలే. బ్యాంకోళ్లకు ఒక్క ఫోన్ చేస్త."

"బ్యాంకు పేజీయే కదయ్యా. ప్రతిదానికీ భయమేనా? కొట్టు, అవతల జనం కాచుక్కూర్చున్నారు" అన్నాడు బాపిరాజు.

కిష్టప్ప కొట్టాడు.

మధ్యాహ్నానికి జీతాల డబ్బంతా ఎవరిదో ఊరూపేరూ తెలియని ఖాతాకు పోయింది. బ్యాంకు నుంచి వచ్చిన నాగరత్నం తెర చూడగానే సంగతి పట్టేసింది.

"పేజీ మాదే, ఆ గడి మాది కాదు. ఈ టూల్‌బార్‌తో బ్రౌజర్లో దూరిన దొంగ ప్రోగ్రాం దాన్ని అతికించింది. బ్యాంకు పని చేసే కంప్యూటర్లో ఇంకేదీ ఎక్కించకూడదు. కొత్తగా ఏమడిగినా ఆగి మాకు ఫోన్ చేయాలి" అంది.

పొద్దున కిష్టప్ప మొత్తుకున్నదీ అదే. ఆమె వెళ్లగానే బాపిరాజు ఒక కాగితం ముందుకు తోశాడు. కిష్టప్ప చెప్పులతో గదిలోకి వెళ్లాడనీ, అజాగ్రత్తగా పాస్‌వర్డ్ ఇచ్చేశాడనీ రాసి ఉంది. మనిషికి సిగ్గుండాలి. ఆ చెప్పులు గడప అవతల కళ్లెదుటే ఉన్నాయి.

"సంతకం పెట్టు. లేదంటే పోలీసులకు చెబుతాను."

కిష్టప్పకు కోపం తన్నుకొచ్చింది.

"చెప్పుకోండ్రి. అరవై మంది నోటికాడి కూడు పోగొట్టింది మీరు. నా చెప్పులేం జేసినయి సార్?"

కాగితం అక్కడే వదిలేసి లేచాడు. గేటు దగ్గర కాచుకున్నవాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ కోపంలోనే, మండే తారు మీద ఉత్త కాళ్లతో ఇంటిదారి పట్టాడు. మళ్లీ ఫ్యాక్టరీ మొహం చూడలేదు.

మర్నాడు బాపిరాజు బూట్లతో టకటకలాడుతూ ఆ గదిలోకి వెళ్లాడు. గడప బయట, గోడవారగా, పిన్నీసు పెట్టిన జత చెప్పులు అలాగే ఉన్నాయి.